మన్యం నుంచి ఢిల్లీకి ఉత్తరం: ప్రభుత్వాలు మారినప్పుడు ఐదో షెడ్యూలు ఏమవుతుంది?

అరకు, అనంతగిరి, చింతపల్లి, జి.మాడుగుల కొండల్లో పనిచేసే ఏ ప్రజాసంఘం కార్యాలయానికి వెళ్లినా బీరువాలో ఒక లావుపాటి ఫైలు కనిపిస్తుంది. రాష్ట్రపతికి, ప్రధానికి, గవర్నర్‌కు, ఎస్టీ కమిషన్‌కు రాసిన వినతిపత్రాల నకళ్లు అందులో ఉంటాయి. ప్రభుత్వం మారిన ప్రతిసారీ అదే డిమాండును కొత్త పేరుకు మళ్లీ రాయాల్సి వస్తుంది. ఢిల్లీకి ఉత్తరం రాయడం వల్ల ప్రయోజనం ఉందా అని కొత్తగా ఉద్యమంలోకి వచ్చిన విద్యార్థులు అడుగుతుంటారు. దానికి జవాబు తూర్పు కనుమల బాక్సైట్ చరిత్రలో దొరుకుతుంది. ఒక కేంద్రమంత్రి రాసిన ఉత్తరాలే పక్కన పడిపోయిన చరిత్ర అది. అదే సమయంలో, ఉత్తరాలు లేకపోతే పోరాటానికి రికార్డే మిగలదని చెప్పే చరిత్ర కూడా.

రాష్ట్రపతికే ఎందుకు రాయాలి?

ఇది ప్రభువును వేడుకోవడం కాదు. రాజ్యాంగమే ఏర్పరచిన సంబంధం. 244(1) అధికరణం కింద ఉన్న ఐదో షెడ్యూలు షెడ్యూల్డ్ ప్రాంతాల పాలనను మామూలు జిల్లాల పాలన నుంచి వేరు చేసింది. అందులోని పేరాలను ప్రతి కార్యకర్తా గుర్తుపెట్టుకోవాలి.

మూడో పేరా ప్రకారం గవర్నర్ ఏటా, లేదా రాష్ట్రపతి అడిగినప్పుడల్లా, షెడ్యూల్డ్ ప్రాంతాల పాలనపై రాష్ట్రపతికి నివేదిక ఇవ్వాలి. ఆ ప్రాంతాల పాలన విషయంలో రాష్ట్రానికి ఆదేశాలు ఇచ్చే అధికారం కేంద్రానికి ఉంది. నాలుగో పేరా గిరిజన సలహా మండలిని ఏర్పాటు చేస్తుంది. ఇందులో 20 మందికి మించకుండా సభ్యులు ఉంటారు. వారిలో సుమారు నాలుగింట మూడొంతుల మంది ఎస్టీ శాసనసభ్యులు కావాలి. ఐదో పేరా అన్నిటికంటే బలమైనది. పార్లమెంటు చేసిన చట్టమైనా, శాసనసభ చేసిన చట్టమైనా ఏజెన్సీకి వర్తించదని, లేదా ఫలానా మార్పులతోనే వర్తిస్తుందని గవర్నర్ ఒక నోటిఫికేషన్‌తో ప్రకటించవచ్చు. భూమి బదలాయింపును నిషేధిస్తూ రెగ్యులేషన్లు చేయవచ్చు. వాటికి రాష్ట్రపతి ఆమోదం ఉండాలి. ఆరో పేరా ప్రకారం ఏది షెడ్యూల్డ్ ప్రాంతమో ప్రకటించేది రాష్ట్రపతే.

ఈ ఏర్పాటుకు వలస పాలన నాటి మూలాలున్నాయి. 1839 నాటి 24వ చట్టంతో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు చట్టాల నుంచి తప్పించి గవర్నర్ ఏజెంట్ చేతిలో పెట్టారు. 'ఏజెన్సీ' అన్న మాట అక్కడి నుంచే వచ్చింది. 1935 భారత ప్రభుత్వ చట్టం ఈ ప్రాంతాలను 'పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలు' అంది. 1947లో అధికారం చేతులు మారినప్పుడు ఈ కొండల సంగతి ఏమిటన్న ప్రశ్న రాజ్యాంగ సభ ముందుకు వచ్చింది. ఎ.వి.ఠక్కర్ అధ్యక్షతన వేసిన ఉపసంఘం పరిశీలన తర్వాత, చివరికి ఐదో షెడ్యూలు రూపుదిద్దుకుంది. అంటే తెల్లదొరల గవర్నర్‌కు ఉన్న ప్రత్యేక అధికారం పేరు మార్చుకుని స్వతంత్ర భారత గవర్నర్‌కు, ఆయన పైన రాష్ట్రపతికి వచ్చింది. తేడా ఒక్కటే. ఇప్పుడది ఆదివాసీల రక్షణ కోసం ఉన్న అధికారం. వాడకపోతే ఎందుకు వాడలేదని అడిగే హక్కు పౌరులకు ఉంది.

1/70 చట్టం, సమతా తీర్పు

ఈ అధికారాన్ని వాడితే ఏమవుతుందో మన రాష్ట్రమే చూపించింది. 1959 నాటి షెడ్యూల్డ్ ప్రాంతాల భూబదలాయింపు రెగ్యులేషన్‌ను 1970లో సవరించారు. అదే జనం నోట 1/70 చట్టం అయింది. ఏజెన్సీలో గిరిజనేతరుల చేతిలో ఉన్న భూమి గిరిజనుల నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సిన భారం గిరిజనేతరుడిదే. ఒక గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి అమ్మడం కూడా కుదరదు. సుప్రీంకోర్టు 1988లో ఈ చట్టాన్ని సమర్థించింది.

అయితే ప్రభుత్వమే ఆ భూమిని ప్రైవేటు కంపెనీకి లీజుకు ఇస్తే? అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో జరిగింది అదే. అక్కడి ఖనిజాల తవ్వకానికి ప్రైవేటు సంస్థలకు లీజులిచ్చారు. సమతా సంస్థ కోర్టుకెక్కింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1/70 చట్టంలోని 'వ్యక్తి' అన్న మాటలో ప్రభుత్వం కూడా వస్తుందని, షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు ఇచ్చిన మైనింగ్ లీజులు చెల్లవని తేల్చింది. ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ గానీ గిరిజనుల సహకార సంఘాలు గానీ తవ్వవచ్చంది. నికర లాభంలో కనీసం 20 శాతం స్థానికుల అభివృద్ధికి నిధిగా పెట్టాలంది. మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ కె.రామస్వామి తెలుగువారు, దళిత సమాజం నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన అతికొద్దిమంది న్యాయమూర్తుల్లో ఒకరు. ఈ ప్రాంత ఆదివాసీ హక్కుల చరిత్రలో దళితుల పాత్ర గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి మరవకూడదు.

తీర్పు వచ్చిన వెంటనే దాన్ని తప్పించుకునే దారులు వెతకడం మొదలైంది. కేంద్ర గనుల శాఖ 2000 జూలైలో తయారుచేసిన ఒక నోట్, ఐదో షెడ్యూలునే సవరించే ఆలోచన చేసింది. ఏడో పేరా ప్రకారం ఈ షెడ్యూలును పార్లమెంటు మామూలు చట్టంతోనే సవరించవచ్చు. అందుకే అది చిన్న ప్రమాదం కాదు. దేశవ్యాప్తంగా ఆదివాసీ సంఘాలు కదిలాయి. అప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది తొలి దళిత రాష్ట్రపతి కె.ఆర్.నారాయణన్. 2001 గణతంత్ర దినోత్సవం ముందురోజు ప్రసంగంలో ఆయన, అడవుల్లో జరుగుతున్న మైనింగ్ అనేక తెగల బతుకును ప్రమాదంలో పడేస్తోందని, గిరిజన భూముల బదలాయింపును నిషేధించే చట్టాలున్నాయని, సుప్రీంకోర్టు వాటిని సమర్థించిందని దేశానికి గుర్తుచేశారు. సవరణ పార్లమెంటు దాకా రాలేదు. ఒక ప్రసంగం వల్లే ఆగిందని చెప్పలేం. కానీ కింది నుంచి వెళ్లిన ఆందోళన పై నుంచి ఒక గొంతుగా వినిపించిన సందర్భం అది.

లీజు ప్రభుత్వానిది, బాక్సైట్ ప్రైవేటుది

2004లో రాష్ట్రంలోనూ, కేంద్రంలోనూ ప్రభుత్వాలు మారాయి. సమతా తీర్పులో ప్రభుత్వ సంస్థకు ఉన్న మినహాయింపే కొత్త దారి అయింది. లీజు ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ (ఏపీఎండీసీ) పేరున ఉంటుంది, తవ్విన బాక్సైట్ ప్రైవేటు శుద్ధి కర్మాగారానికి పోతుంది. 2005 జూలైలో జిందాల్ సంస్థతో, 2007లో రస్ అల్ ఖైమా భాగస్వామ్యంతో వచ్చిన అన్‌రాక్ ప్రాజెక్టు కోసం ఒప్పందాలు కుదిరాయి. అరకు వైపు గాలికొండ, రక్తకొండ, చిత్తంగొంది. చింతపల్లి వైపు జెర్రెల. భగత, కొండదొర, కొంధు, గదబ, పోర్జ, నూకదొర తెగల ఊళ్లు వీటి చుట్టూ ఉన్నాయి. ఇక్కడి కొండవాగులు ఊటల మీద ఆధారపడి ఏడాది పొడవునా పారుతాయి. ఆ ఊటలకు నీటిని పట్టి ఉంచేది కొండ నెత్తిన ఉన్న బాక్సైట్ పొరే. అది పోతే ముందు ఎండేది వాగు, ఆ తర్వాత పొలం, కాఫీతోట.

2008 నియోజకవర్గాల పునర్విభజనతో అరకు లోక్‌సభ స్థానం ఎస్టీ రిజర్వుడుగా ఏర్పడింది. 2009లో అక్కడి నుంచి తొలి ఎంపీగా గెలిచిన వి.కిషోర్ చంద్రదేవ్ 2011 జూలైలో కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రి అయ్యారు. అటవీ హక్కుల బిల్లుపై ఏర్పాటైన సంయుక్త పార్లమెంటరీ కమిటీకి అంతకుముందు అధ్యక్షత వహించినది ఆయనే. మంత్రి కాగానే గవర్నర్ ఈ.ఎస్.ఎల్.నరసింహన్‌కు ఆయన ఉత్తరాలు రాశారు. ఐదో షెడ్యూలు కింద ఉన్న అధికారాలు వాడి బాక్సైట్ ఒప్పందాలను, లీజులను రద్దు చేయమని కోరారు. 2012 ఏప్రిల్‌లో ఐదో షెడ్యూలు రాష్ట్రాల గవర్నర్లందరికీ రాస్తూ, ఈ అధికారాలను వాడాలని గుర్తుచేశారు.

ఒక్కసారి ఆలోచించండి. రాసింది కేంద్రమంత్రి. ఆ ప్రాంతానికి ఎంపీ. ఢిల్లీలోనూ హైదరాబాద్‌లోనూ ఆయన పార్టీయే అధికారంలో ఉంది. అయినా లీజులు రద్దు కాలేదు. గవర్నర్ మంత్రివర్గం సలహా మేరకే నడుచుకోవాలన్నది రాష్ట్రం వాదన. కాదు, ఐదో పేరా కింద గవర్నర్‌కు విచక్షణాధికారం ఉందని అటార్నీ జనరల్ గులాం వాహనవతి 2010లోనే అభిప్రాయం ఇచ్చారు. ఈ రెండు వాదనల మధ్య ఫైలు నిలిచిపోయింది.

మంత్రివర్గం లేని మూడు నెలలు

ఆ వాదన ఎంత నిజమో తేల్చే అవకాశం 2014లో వచ్చింది. ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డి ఫిబ్రవరిలో రాజీనామా చేశారు. మార్చి 1 నుంచి రాష్ట్రపతి పాలన. జూన్ 8న కొత్త ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రమాణం చేసేదాకా గవర్నర్‌ను కట్టడి చేసే రాష్ట్ర మంత్రివర్గమే లేదు. ఆ మూడు నెలల్లోనూ ఐదో పేరా నోటిఫికేషన్ రాలేదు. అంటే అసలు అడ్డంకి మంత్రివర్గం సలహా కాదు. ఆదివాసీల కోసం ఈ అధికారాన్ని వాడే అలవాటే రాజ్‌భవన్‌కు లేకపోవడం అసలు అడ్డంకి.

అదే సమయంలో ఏజెన్సీకి సంబంధించిన మరో నిర్ణయం మాత్రం ఆగలేదు. మే నెలాఖరున, కేంద్రంలో కొత్త ప్రభుత్వం ఏర్పడిన తొలిరోజుల్లోనే, పోలవరం ముంపు కోసం ఖమ్మం జిల్లా మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలుపుతూ ఆర్డినెన్స్ వచ్చింది. జూలైలో అది చట్టమైంది. అధికారం చేతులు మారే రోజుల్లో ఆదివాసీల విన్నపానికి సమయం దొరకదు, ఆదివాసీల ఊళ్లను మార్చే కాగితానికి దొరుకుతుంది. ఈ పోలికను విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

2014 ఎన్నికల్లో దేవ్ అరకులో ఓడిపోయారు. రాసిన మంత్రి పోయారు, రాసిన పార్టీ పోయింది. బాక్సైట్ మాత్రం పోలేదు. 2015 నవంబరు 5న చంద్రబాబు ప్రభుత్వం జీవో 97 ఇచ్చింది. జెర్రెల ప్రాంతంలో 1,212 హెక్టార్ల అటవీ భూమిని ఏపీఎండీసీకి అప్పగించే జీవో అది. ప్రతిపక్షంలో ఉండగా బాక్సైట్‌ను వ్యతిరేకించిన పార్టీయే దాన్ని తెచ్చింది. మన్యం భగ్గుమంది. ఊరూరా తీర్మానాలు, బంద్‌లు, ర్యాలీలు జరిగాయి. ప్రభుత్వం జీవోను నిలిపివేయక తప్పలేదు. 2019లో అధికారంలోకి వచ్చిన జగన్ ప్రభుత్వం జీవో 97ను, లీజులను రద్దు చేసింది.

ఈ మధ్యకాలంలో కొండలు రక్తం కూడా చూశాయి. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగూడ మండలం లివిటిపుట్టు వద్ద అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను మావోయిస్టులు కాల్చి చంపారు. రాజ్యాంగం ఇచ్చిన దారి మూసుకుపోయినప్పుడు ఆ ఖాళీలోకి తుపాకులు వస్తాయి. ఆ తర్వాత కూంబింగ్‌లు, అరెస్టులు. రెండువైపులా నలిగేది ఊరే. ఉత్తరానికి జవాబు ఇవ్వకపోవడం కేవలం ఆఫీసు నిర్లక్ష్యం కాదని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

పనిచేసిన ఉత్తరం ఎలా ఉంటుంది?

పోల్చి చూడటానికి మూడు సందర్భాలు.

మొదటిది దళిత ఉద్యమానికి బాగా తెలిసిందే. ఎస్సీల కోసం స్పెషల్ కాంపొనెంట్ ప్లాన్‌ను జనతా ప్రభుత్వ కాలంలో, 1978 ప్రాంతంలో, ఆంధ్రప్రదేశ్ క్యాడర్ ఐఏఎస్ అధికారి పి.ఎస్.కృష్ణన్ రూపొందించారు. 1980 జనవరిలో ఇందిరాగాంధీ తిరిగి అధికారంలోకి వచ్చారు. పాత ప్రభుత్వ పథకం కాబట్టి అది మూలన పడేదే. కానీ 1980 మార్చిలో ప్రధానమంత్రి పేరుతో ముఖ్యమంత్రులందరికీ ఉత్తరం వెళ్లింది, ఈ ప్రణాళికను అమలు చేయమని. ప్రభుత్వం మారినా పథకం బతికింది. దశాబ్దాల పోరాటం తర్వాత మన రాష్ట్రంలో 2013లో ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టంగా నిలబడింది. ఆ ఉత్తరం ఎందుకు పనిచేసింది? అది విన్నపం కాదు, బడ్జెట్‌కు, శాఖలకు ముడిపెట్టిన ఆదేశం.

రెండోది ఒడిశా నియమగిరి. అదీ తూర్పు కనుమలే, అదీ బాక్సైటే. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభలకు వదిలింది. 12 గ్రామసభలూ తవ్వకాన్ని తిరస్కరించాయి. 2014 జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది. అక్కడ ఢిల్లీకి వెళ్లింది చట్టబద్ధమైన తీర్మానం. దాన్ని పక్కన పెట్టడం కష్టం.

మూడోది జార్ఖండ్. ఛోటానాగ్‌పూర్, సంథాల్ పరగణా కౌలు చట్టాలను సడలించే సవరణ బిల్లులపై ఆదివాసీల నుంచి వినతులు వెల్లువెత్తాయి. 2017లో అప్పటి గవర్నర్ ద్రౌపది ముర్ము ఆ బిల్లులను సంతకం చేయకుండా తిప్పి పంపారు. గవర్నర్ తలచుకుంటే ఆగుతుందని అది చూపించింది. 2022 జూలైలో ఆమె తొలి ఆదివాసీ రాష్ట్రపతి అయ్యారు.

వీటి పక్కన మరో ఉత్తరం. ఎస్సీ, ఎస్టీ కమిషనర్‌గా పనిచేసిన బి.డి.శర్మ 2010లో రాష్ట్రపతికి బహిరంగ లేఖ రాశారు. ఆదివాసీలకు ఇచ్చిన మాటలు ఒక్కొక్కటిగా ఎలా తప్పారో వివరిస్తూ, ఐదో షెడ్యూలు బాధ్యతను గుర్తుచేశారు. విధానం మారలేదు. కానీ ఆ లేఖ నేటికీ ఐదో షెడ్యూలు చదివే విద్యార్థులకు పాఠం. విశాఖలో ఉంటున్న మాజీ కేంద్ర కార్యదర్శి ఈ.ఏ.ఎస్.శర్మ ప్రభుత్వం ఏదైనా సరే ఏజెన్సీ మైనింగ్‌పై, గిరిజన భూములపై రాస్తూనే ఉన్నారు. వ్యక్తి పేరు మారినా పదవి బాధ్యత మారదన్నది అటువంటి ఉత్తరాల సారం.

పరిమితులు తెలిసి రాయాలి

ఐదో పేరా అధికారం అంతులేనిది కాదని కోర్టులూ చెప్పాయి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక ఎస్టీలకే ఇస్తూ 2000 జనవరిలో వచ్చిన జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. ఏజెన్సీ యువతకు అది పెద్ద దెబ్బ. ఇక రాష్ట్రపతి భవన్‌కు చేరిన వినతులు మామూలుగా సంబంధిత శాఖకు, అక్కడి నుంచి రాష్ట్రానికి, చివరికి జిల్లాకు వెళతాయి. ఎవరి మీద ఫిర్యాదు చేశామో చివరికి వాళ్ల బల్ల మీదకే వచ్చి పడతాయి. గవర్నర్ల వార్షిక నివేదికలు ఏళ్ల తరబడి ఆలస్యం కావడం, వచ్చినా పథకాల జాబితాలుగా మిగలడం మరో జబ్బు.

అందుకే రాసేవారు కొన్ని జాగ్రత్తలు పాటించాలి.

ఉత్తరం వ్యక్తికి కాదు, పదవికి రాయాలి. ఏ పేరా కింద ఏ చర్య కోరుతున్నామో మొదటి పేజీలోనే చెప్పాలి. 'ఆదుకోండి' అంటే ఫార్వర్డ్ చేస్తారు. 'మూడో పేరా కింద గవర్నర్ నుంచి నివేదిక కోరండి' అంటే జవాబు చెప్పాల్సి వస్తుంది.

గ్రామసభ తీర్మానం జతచేయాలి. తేదీ, హాజరు, సంతకాలు, వేలిముద్రలు ఉండాలి. పెసా చట్టం (1996), రాష్ట్ర పెసా నియమాలు (2011), అటవీ హక్కుల చట్టం (2006) ఆ తీర్మానానికి బలం. బాక్సైట్ పెద్ద ఖనిజం కాబట్టి పెసాలోని చిన్న ఖనిజాల నిబంధన మీదే ఆధారపడొద్దు. అటవీ భూమి మళ్లింపుకు గ్రామసభ సమ్మతి అవసరమన్న 2009 ఆగస్టు నాటి కేంద్ర పర్యావరణ శాఖ సర్క్యులర్‌ను చూపాలి.

నకళ్లు గిరిజన సలహా మండలికి, 338ఏ అధికరణం కింద ఏర్పడిన జాతీయ ఎస్టీ కమిషన్‌కు పంపాలి. పోస్టు రసీదు భద్రపరచాలి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద ఆ ఉత్తరంపై ఏ చర్య తీసుకున్నారో, గవర్నర్ నివేదిక ఏ తేదీన వెళ్లిందో అడగాలి.

ప్రభుత్వం మారిన వెంటనే పాత ఉత్తరం నంబరు, తేదీ పేర్కొంటూ మళ్లీ పంపాలి. ప్రతిపక్షంలో ఉండగా ఆ పార్టీ ఏం మాట్లాడిందో పత్రికా కత్తిరింపులతో సహా జతచేయాలి. కొత్త పాలకులకు మరపు ఎక్కువ.

ఇప్పుడు ఎందుకు?

బాక్సైట్ లీజులు రద్దయినా కొండల మీద కన్ను పోలేదు. అనంతగిరి కొండల్లో, పార్వతీపురం మన్యంలో పంప్డ్ స్టోరేజీ జలవిద్యుత్ ప్రాజెక్టుల ప్రతిపాదనలు వచ్చాయి. ఊళ్లు మళ్లీ తీర్మానాలు చేస్తున్నాయి. జీవోతో రద్దయినదాన్ని మరో జీవోతో తేవచ్చు. ఐదో పేరా నోటిఫికేషన్‌తో శాశ్వతంగా ఆపమన్న డిమాండు దేవ్ ఉత్తరాల నాటికి ఎక్కడుందో ఇప్పటికీ అక్కడే ఉంది.

బాక్సైట్‌ను ఆపింది ఢిల్లీ జవాబు కాదు, మన్యం జనం. కానీ జనం ఏం అడిగారో, ఎవరిని అడిగారో, ఎవరు మౌనంగా ఉన్నారో చెప్పేది ఆ ఫైలే. రేపు కోర్టులో నిలబడేదీ అదే. తర్వాతి తరం చేతికి వచ్చేదీ అదే. కాబట్టి తీర్మానం చేయండి, రాయండి, రసీదు దాచుకోండి. కుర్చీలో మనిషి మారితే, మళ్లీ రాయండి.